పట్టాను అన్న మాట

"నాకెందుకు వాళ్ళ సంగతి? నేను చూసిందే నేను చెబుతున్నాను. ఆ మోకుల వాళ్ళింట్లో బావాబామ్మర్దులు వారం రోజులుగా ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. పొద్దున చూద్దును కదా, ఇద్దరూ ఒకే బండి మీద పనికి పోతున్నారు! ఒకడు పైన నిలబడి తాడు పట్టాలి, ఇంకొకడు ఆ తాడుకి వేలాడాలి. పట్టేవాడి కడుపులో కసి ఉంటే ఏమవుతుందో నేను వేరే చెప్పాలా?"

ఈ మాటలన్నది కుట్టుమిషను ఆవిడ. అన్నది ఆ మోకుల ఇంటి తాళ్ళమ్మతో కాదు, ఇస్త్రీ ఆయనతో. ఇస్త్రీ ఆయన వాళ్ళావిడ చెవిన వేశాడు. ఆ ఇల్లాలికి మాట కడుపులో నిలవలేదు. బస్సు దిగి, కొత్త మోకు చుట్ట భుజాన వేసుకుని వస్తున్న తాళ్ళమ్మను వీధి మొదట్లోనే ఆపి, "నేనన్నానని అనొద్దు గానీ" అంటూ ఉన్నదున్నట్టు ఒప్పజెప్పింది. ఉన్నదానికి కొంత చేర్చి కూడా ఉంటుంది.

మిగతాదేదీ తాళ్ళమ్మ చెవికి ఎక్కలేదు. ఇద్దరూ పనికి పోయారన్న ముక్క దగ్గరే ఆమె ఆగిపోయింది. భుజం మీది మోకు ఒక్కసారిగా రెండింతల బరువైంది.

ఎందుకంత భయమో తెలియాలంటే పోయిన వారం సంగతి కొంచెం గుర్తు చేసుకోవాలి.

వాళ్ళది మోకుల పని. ఎత్తయిన మేడల గోడల వెంట పలక మీద కూర్చుని దిగి, కడగడం, రంగు వేయడం, ఊడినవి బిగించడం. తాళ్ళమ్మ తండ్రి పెద్దమేస్త్రి మోకాళ్ళు అరిగి ఇంటిపట్టున కూర్చున్నాక, పైన తాడు పట్టే పని అల్లుడి చేతికి వచ్చింది. అతన్నిప్పుడు అందరూ మేస్త్రి అంటారు. తాళ్ళమ్మకు మేనబావ, మొగుడు. వేలాడే పని ఆమె తమ్ముడిది. గుప్పెడు మనిషి, ఒకచోట కుదురుగా కూర్చోడు గనక చిన్నప్పటి నుంచీ వాడు పిచ్చుకే. ఇక తాళ్ళను చూసుకునేది తాళ్ళమ్మ. ఏ మోకు మనిషిని మోస్తుందో, ఏది మూటలు కట్టుకోవడానికి పోవాలో ఆమె వేలితో తడిమి చెబితే ఆ ఇంట్లో అదే తీర్పు.

పోయిన వారం ఒక మేడకు పైన వేలాడే పాత ఇనుప రేకు విప్పడానికి వెళ్ళారు. ఆ మేడ కింది అంతస్తులో కళ్ళాసుపత్రి. పిచ్చుక పలక మీద కూర్చుని బోల్టులు విప్పుతుంటే పైన మోకు జారింది. వాడు రెండు నిలువుల లోతు పడ్డాడు. నడుముకు కట్టిన రెండో మోకు ఆపితే ఆగాడు. ప్రాణం దక్కింది, పక్కటెముకలు కమిలాయి.

అంతకు ముందు రోజే వాడు బావతో తగవు పడి ఉన్నాడు. వేరే జట్టు పెట్టుకుంటానన్నాడు. "ఎవడు నేర్పాడురా నీకు పని?" అని మేస్త్రి అంతెత్తున లేచాడు. ఆ మాట ఆరకముందే ఈ పడడం. ఇంకేముంది, "నువ్వు వదిలేశావు" అంటాడు పిచ్చుక. "నేను పట్టకముందే నువ్వు దిగావు" అంటాడు మేస్త్రి. వారం రోజులుగా ఆ ఇంట్లో ఈ రెండు వాక్యాలే తిరిగాయి. వంటింట్లోంచి వరండాలోకి, వరండాలోంచి వీధిలోకి, అక్కడి నుంచి కుట్టుమిషను దాకా.

తాళ్ళమ్మ మాత్రం ఏ పక్కా మాట్లాడలేదు. ఆ రోజు ఆమె కింద నిలబడి ఉంది. పిచ్చుక పడుతూ ఆగిన క్షణంలో కేక వేసి పైకి చూసింది. పిట్టగోడ మీంచి మొగుడి మొహం కనబడింది. తాడు జారి మనిషి పడితే ఎవరైనా పడ్డవాణ్ణి చూస్తారు. అతను కిందికి చూడలేదు. తన అరచేతిని చూసుకుంటున్నాడు, తెరిచి, అదేదో ఇంకొకరి చెయ్యి అయినట్టు.

తెలిసి వదిలిన చేతినే మనిషి అలా చూసుకుంటాడా? ఈ ప్రశ్న ఆమె ఎవరికీ చెప్పలేదు. పక్కలో పడుకున్న మనిషి గురించి అలాంటి అనుమానం నోటితో అంటే అది నిజమైపోతుందేమోనని భయం.

*

మోకుల పనిలో పెద్దమేస్త్రి పెట్టిన కట్టుబాటు ఒకటుంది. మేడ మీద కాలు పెట్టాక ఎవరూ ఎదుటివాణ్ణి 'నువ్వు' అనకూడదు. దిగు, ఆగు, లాగు అని పురమాయించకూడదు. ఎవరి చేతిలో ఏముందో వాళ్ళు చెప్పాలి, అంతే. "నేను పట్టాను." "నేను బరువు వేస్తున్నాను." "నేను దిగాలి." పైన తాడు పట్టినవాడికి కింద వేలాడేవాడు కనబడడు. వీడికి వాడు కనబడడు. 'నువ్వు దిగు' అన్నవాడు తనకు కనబడని కాళ్ళ గురించి మాట్లాడుతున్నాడు. 'నేను పట్టాను' అన్నవాడు తన పిడికిలి గురించి మాట్లాడుతున్నాడు. ఆ రెండో మాట మీదే మనిషి తన బరువు వేయాలన్నది ఆయన లెక్క.

ఆ అలవాటు మేడ మెట్లు దిగి ఇంట్లోకి కూడా వచ్చేసింది. దాహమైతే పెద్దమేస్త్రి మంచినీళ్ళు తెమ్మనేవాడు కాదు. "నాకు దాహంగా ఉంది" అనేవాడు. "నాకు పొయ్యి మీద పని ఉంది" అనేది ఆయన భార్య, బతికున్న రోజుల్లో, ఇంచు కదలకుండా. వచ్చినవాళ్ళతో చెప్పుకుని నవ్వేది: "అందరి మొగుళ్ళూ పనులు చెబుతారు. నా మొగుడు వార్తలు చెబుతాడు."

నవ్వినా, ఆ ఇంట్లో తగవులు తక్కువ. 'నువ్వెప్పుడూ ఇంతే' అని మొదలుపెట్టిన మాట ఎక్కడికి పోతుందో మనకందరికీ తెలుసు. వాళ్ళింట్లో అది మొదలయ్యేదే కాదు. అలాగని 'నేను' అన్నంత మాత్రాన మాట మెత్తబడిపోతుందని అనుకోవద్దు. "నేనెవర్ని చెప్పడానికి?" అనేవాళ్ళున్నారు. "నేనిప్పుడు ఏమన్నానని?" అనేవాళ్ళున్నారు. పేరుకి అది నేనే, గుచ్చుకునేది మాత్రం ఎదుటివాడి డొక్కలో. కుట్టుమిషను ఆవిడ ఏ మాటకైనా నేనుతోనే అంచు కుడుతుంది, విన్నారు కదా.

మామగారి కుర్చీలోకి వచ్చాక మేస్త్రి ఆ కట్టుబాటును మెల్లగా వదిలేశాడు. నలుగురి మీద అజమాయిషీ చేసే మనిషి 'నేను, నేను' అంటుంటే పిరికివాడిలా ఉంటుందట. నువ్వు అటు పో, నువ్వు ఇది తే. మొదట కింద అన్నాడు. తర్వాత మెట్ల మీద అన్నాడు. ఆ మాట మేడ మీద కూడా వినబడడం మొదలైనప్పుడు పెద్దమేస్త్రి దాకా ఎవరూ చేరవేయలేదు.

*

తాళ్ళమ్మ ఇంటికి వచ్చేసరికి పెద్దమేస్త్రి వరండాలో నిలబడి ఉన్నాడు. ఆయన నిలబడితేనే ఏదో అయిందని అర్థం. కుర్చీ వీపు రెండు చేతులా పట్టుకుని వీధికేసి చూస్తున్నాడు.

"నాన్నా, ఎక్కడికి పోయారు వాళ్ళు?"

"ఆ మేడకే. ఫోనొచ్చింది. గాలికి రేకు కొట్టుకుంటోందట. విప్పకుండా మిగిలిపోయిన ఒక్క బోల్టు మీద వేలాడుతోందట. కింద కళ్ళకి కట్లు కట్టించుకున్న జనం వస్తూ పోతూ ఉంటారు. వాళ్ళు తలెత్తి చూడగలరా పాపం? నేను విప్పిన రేకు, నేనే దింపాలి అన్నాడు పిచ్చుక. తాడు నేను పడతాను అన్నాడు అల్లుడు. ఇద్దరూ గోడకేసి చూస్తూ అన్నారు."

"ఒక్క మోకుతోనా?" తాళ్ళమ్మ భుజం మీది చుట్ట కింద పడేసింది. "నేను రెండోది కొనుక్కొచ్చేదాకా ఆగలేకపోయారా?"

"రెండో మోకు ఉంటే పట్టుకెళ్ళేవాళ్ళే. నువ్వే కదా దాన్ని కోసిపారేశావు!"

తాళ్ళమ్మ ఆయన మొహంలోకి చూసింది.

పడే మనిషిని ఒకసారి ఆపిన మోకును మళ్ళీ మనిషికి కట్టకూడదు. ఎంత కొత్తదైనా సరే, పైకి ఎంత బాగున్నా సరే, ఎవరూ పొరపాటున వాడకుండా ముక్కలు చేసేయాలి. ఇది ఆమెకు నేర్పింది ఈయనే. కత్తి చేతికిచ్చి, మొదటి ముక్క తన ఎదుట కోయించింది ఈయనే. ఆ మోకు కోసినందుకు ఆమెకు దిగుల్లేదు. ఆయన నోటి వెంట ఆ 'నువ్వు' వచ్చినందుకే ఒళ్ళు చల్లబడింది. ఇన్నేళ్ళలో అలాంటి 'నువ్వు' ఆమె ఆయన నోట విని ఎరగదు. ఈయన అన్నాడంటే ఈయన ఎంత భయపడి ఉండాలి?

ఆయనకూ తెలిసింది. పెదవుల మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"వెళ్ళమ్మా, పరుగెత్తు..." అని, గుటక వేసి, తనను తాను దిద్దుకున్నాడు. "కాదు. నేను వెళ్ళాలి. నా కాళ్ళు రావడం లేదు."

"నేను వెళుతున్నాను నాన్నా" అని తాళ్ళమ్మ మోకు చుట్ట ఎత్తుకుంది.

*

మేడ ఉన్న వీధిలోకి తిరగకముందే ఆ చప్పుడు వినబడింది. ధన్... కాస్త ఆగి మళ్ళీ ధన్. అంత ఎత్తున, గాలి వచ్చినప్పుడల్లా రేకు గోడకేసి కొట్టుకుంటోంది. రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి జనాన్ని ఆపారు గానీ, ఊడిన రేకు నిటారుగా కిందికే పడాలని ఏం లేదు. గాలి ఎటు విసిరితే అటు. కంటికి తెల్లకట్టుతో ఒక ముసలాయన కూతురి చెయ్యి పట్టుకుని, "ఏమిటమ్మా ఆ మోత? ఉరుమా?" అని అడుగుతున్నాడు.

తాళ్ళమ్మ తలెత్తి చూసింది. రేకు పక్కన, గోడకు అంటుకున్న మరకలా పిచ్చుక. వాడి మీదుగా పైకి పోయిన ఒక్క గీత. రెండో గీత లేదు.

"లిఫ్టు లేదమ్మోయ్!" అన్నాడు గేటు దగ్గరి మనిషి. "గాలికి కరెంటు పోతూ వస్తూ ఉంది. మధ్యలో ఇరుక్కుంటే నన్ను తిట్టుకుంటారు. మెట్లే గతి. అయినా మీవాళ్ళు బలే మనుషులమ్మా. లోపలికి వచ్చేటప్పుడు ఇద్దరూ నాతోనే మాట్లాడారు. 'తాళంచెవి వాణ్ణి తీసుకోమను' అని మీ ఆయన, 'ఆయన్నే తీసుకోమను' అని మీ తమ్ముడు. ఒకరి పక్కన ఒకరు నిలబడి! నేనేమన్నా టెలిఫోను తీగనా?"

ఇంకో రోజైతే ఆమె నవ్వేది. మెట్లు ఎక్కుతుంటే ప్రతి మలుపులోనూ చిన్న కిటికీ ఉంది. ఆ కిటికీల్లోంచి చూడకూడదనుకుంది. ప్రతిదాంట్లోంచీ చూసింది. కాళ్ళు మండాయి, భుజం మీది మోకు గోడలకు రాసుకుని వెనక్కి లాగుతోంది. ఒక మలుపులో ఆగి ఊపిరి తీసుకుంటుండగా కాళ్ళకింద మెట్టు అదిరింది. రేకు దెబ్బ. ఆ దెబ్బ తర్వాత కేక వినబడుతుందేమోనని చెవులు రిక్కించింది. వినబడలేదు. మళ్ళీ ఎక్కింది.

ఇనుప తలుపు తోసుకుని మేడ మీదికి వచ్చింది. గాలి మొహాన కొట్టింది.

మేస్త్రి ఆమెకు వీపు తిప్పి నిలబడి ఉన్నాడు. పిట్టగోడ మీంచి వచ్చిన మోకు, నేలలో పాతిన ఇనుప గుంజకు రెండు చుట్లు తిరిగి అతని చేతికి వస్తోంది. ఆ చుట్ల రాపిడి వల్లే ఒక మనిషి ఇంకో మనిషిని పట్టగలుగుతాడు. బరువులో ముప్పాతిక గుంజ మోస్తుంది, మిగతాది పిడికిలి. అంతవరకు అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి.

ఆమె చూపు అతని కుడిచేతి మీద పడింది.

తొడుగు లేదు. మోకును పిడికిట పట్టుకోలేదు. మణికట్టుకు చుట్టుకున్నాడు.

మోకుల పనిలో అది ఎవరూ చేయని పని. పిడికిట్లో తాడు ఆగకపోతే జారుతుంది, వేలాడేవాడు ఒక్కడు పడతాడు. చేతికి చుట్టుకున్న తాడు గుంజను విడిచిందంటే పట్టినవాణ్ణి కూడా పిట్టగోడ మీంచి ఈడ్చుకుపోతుంది. పనిలో చేరిన మొదటి రోజునే ఇది చెబుతారు. మేస్త్రి అయినవాడికి తెలియక కాదు.

వారం రోజులుగా నోట్లో బిగబట్టిందంతా ఒక్కసారిగా బయటికి వచ్చేసింది.

"బావా! చేతికి చుట్టుకున్నావేంటి నువ్వు? నీకు మతుండే చేస్తున్నావా? వాణ్ణి చంపుదామనా? నువ్వూ పోదామనా?"

మేస్త్రి గిరుక్కున తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వెవరే నన్నడగడానికి? పైకి ఎవరు రమ్మన్నారు నిన్ను? అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి నన్ను హంతకుణ్ణి చేద్దామని చూస్తున్నారా?" అంటూ ఎడమచెయ్యి తాడు మీంచి తీసి ఆమె వైపు ఊపాడు.

జర్రుమంది మోకు. గుంజ మీద జానెడు జారింది. అతని కుడిచెయ్యి భుజం దాకా ముందుకు గుంజుకుపోయింది.

"నేను జారుతున్నా!" అని కింది నుంచి కేక.

మేస్త్రి రెండు చేతులతో వెనక్కి వాలాడు. మోకు ఆగింది.

తాళ్ళమ్మకు అప్పుడు తెలిసింది తండ్రి ఆ కట్టుబాటు ఎందుకు పెట్టాడో. మర్యాద కోసం కాదు. నింద పడ్డ మనిషి ముందు మొహం తిప్పుతాడు, తర్వాత చేతులు తిప్పుతాడు. తన తప్పు లేదని చెప్పుకోవడానికి మనిషికి రెండు చేతులూ కావాలి. ఆ చేతుల్లో ఇంకొకడి ప్రాణం ఉన్నప్పుడు ఒక్క 'నువ్వు' చాలు. ఇప్పుడు తమ్ముణ్ణి జానెడు కిందికి తోసింది మొగుడు కాదు, తన నోరు.

ఆమె మోకు చుట్ట నేల మీద పెట్టింది. అతని ఎదుటికి పోలేదు. పక్కగా వచ్చి, అతనిలాగే గుంజకేసి చూస్తూ నిలబడింది. తిట్టడానికి అప్పుడే దండిగా దొరికిన మాటలు, ఇప్పుడు ఒక్కటీ దొరకడం లేదు.

"నాకు భయంగా ఉంది, బావా."

అతను తాడు మీంచి చూపు తిప్పలేదు.

"ఆ రోజు నేను కింద ఉన్నాను. పిచ్చుక ఆగాక నేను పైకి చూశాను. నాకు ఒక అరచెయ్యి కనబడింది. దాన్నే చూస్తున్న మొహం కనబడింది. అప్పటి నుంచీ నాకు నిద్ర లేదు. నేను చెడ్డగా అనుకున్నాను. ఎంత చెడ్డగా అంటే, పైకి చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. అడిగితే నిజమవుతుందేమోనని అడగలేదు. ఇప్పుడు వింటాను. ఏదైనా సరే, నేను వింటాను."

గాలి ఒక విసురు విసిరింది. కింద రేకు ధన్‌మంది. ఏదో అనబోయి మింగాడు. మళ్ళీ అనబోయాడు.

"నేను వదల్లేదు" అన్నాడు చివరికి. పక్కనే నిలబడితే తప్ప వినబడని గొంతు. "నేను పట్టాననే అనుకున్నాను. పట్టాను అని అరిచాను కూడా. అబద్ధం కాదు. నా వేళ్ళు మూసుకుని ఉన్నాయి, నేను చూశాను. బరువు పడగానే తాడు వెళ్ళిపోయింది. వెళ్ళిపోయినట్టు నాకు తెలియలేదు. వాడి కేక వింటే తెలిసింది."

"తెలియకపోవడమేంటి?"

"నాకు ఈ చెయ్యి తెలియడం లేదు." తన మణికట్టును గడ్డంతో చూపించాడు. "వేళ్ళ చివర్లతో మొదలైంది. తర్వాత అరచెయ్యి. నాకే నమ్మకం లేక తొడుగు తీసేసి పడుతున్నాను, వట్టి చేతికైనా తెలుస్తుందేమోనని. చూస్తే పట్టుకున్నట్టే ఉంటుంది. కళ్ళు మూసుకుంటే ఏముందో నాకు తెలియదు. తాడో, గాలో."

తాళ్ళమ్మకు ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. కొన్నాళ్ళుగా పొద్దున్నే చొక్కా వేసుకుని తన ముందుకొచ్చి, "బొత్తాలు నువ్వే పెట్టు" అని నిలబడేవాడు. పెళ్ళైన ఇన్నేళ్ళకు మొగుడికి ముద్దులొస్తున్నాయని మురిసిపోయింది. గడ్డం గీసుకోవడం మానేస్తే, బాగుందిలే అని తనే అంది. గ్లాసు జారి పగిలిన రోజున మాత్రం, "నీకు కళ్ళు నెత్తికెక్కాయి" అని తనే విసుక్కుంది. ఇదంతా ఒకే చెయ్యి.

"ఎందుకు చెప్పలేదు?" అనబోయింది. అందులో కూడా ఒక నువ్వు దాక్కుని ఉంది. మింగేసింది.

అతనే అన్నాడు. "చెబితే నన్ను కింద కూర్చోబెడతారు. మామ కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేస్తారు. నాకు వేరే పని రాదు." "వాడు నన్ను వదిలేశావు, వదిలేశావు అంటుంటే, అదే నయం అనిపించింది నాకు. వదిలేసినవాడు మళ్ళీ పట్టుకోగలడు. నేను..."

గడ్డంతో మళ్ళీ ఆ చేతినే చూపించాడు.

ఆమె అనుకున్నంత చెడ్డ సంగతి కాదు ఇది. మొగుడు హంతకుడు కాదు. వారం రోజుల బరువు దిగిపోవాలి. దిగలేదు. ఇంకేదో వచ్చి మీద కూర్చుంది. ఎవరి పిడికిలి సంగతి వాళ్ళు చెబితే చాలు, అది నిజమే అయి ఉంటుందన్న నమ్మకం మీద వాళ్ళ నాన్న, నాన్నతో పనిచేసిన వాళ్ళందరూ గోడల మీద బతికారు. ఇక్కడ మనిషి నిజమే చెప్పాడు. అతని చెయ్యి అతనికే అబద్ధం చెప్పింది. ఇప్పుడు, ఈ నిమిషాన, తమ్ముడి బరువంతా ఆ చేతి మీదే ఉంది.

"నేను దిగాలి!" పిచ్చుక గొంతు గాలిలో ముక్కలై వచ్చింది. "బోల్టు వంగిపోయింది! రేకు నా మీదికి తిరుగుతోంది! నేను కిందికి దిగాలి!"

మోకు కొసను గుంజకు ముడి వేసేస్తే సరి. ముడి ఆమెకు రెప్పపాటు పని. కానీ ముడి వేస్తే పిచ్చుక ఉన్నచోటే ఆగిపోతాడు, తిరుగుతున్న రేకుకు ఎదురుగా. కొత్త మోకు కిందికి వదిలినా, రేకును తోసుకుంటూ వాడు దాన్ని నడుముకు కట్టుకోలేడు. వాణ్ణి దింపాలి. దింపాలంటే మోకును వేళ్ళ సందుల్లోంచి కొంచెం కొంచెంగా వదలాలి. కొంచెం అంటే ఎంతో తెలిసే వేళ్ళు కావాలి.

"నేను పడతాను" అంది తాళ్ళమ్మ.

ఆమె ఎన్నడూ మనిషిని పట్టలేదు. తాళ్ళను తడిమింది, కోసింది, ఎండబెట్టింది. మేస్త్రి ఆమె వైపు చూశాడు. "నీవల్ల..." అని మొదలుపెట్టి ఆపుకున్నాడు. "నేను ఎడమచేత్తో కొస పట్టుకుంటాను" అన్నాడు.

ఆమె గుంజకూ అతని మణికట్టుకూ మధ్య జాగాలో రెండు చేతులూ వేసింది. మడమలు నేలకు తన్నిపెట్టి వెనక్కి వాలింది. మొదట ఏమీ తెలియలేదు. తర్వాత బరువు వచ్చింది. బతికున్న బరువు, నిలకడ లేనిది, అటూ ఇటూ కదులుతున్నది. తమ్ముడు కాలు మార్చుకున్నాడు కాబోలు, ఆ కదలిక ఆమె మోచేతుల దాకా వచ్చింది. చంటివాడుగా వాణ్ణి చంక దించినప్పుడు కూడా ఇంత భయం వేయలేదు.

మేస్త్రి ఎడమచేత్తో కుడి మణికట్టు మీది చుట్లు విప్పుకున్నాడు. తాడు ఉన్నంత మేరా చర్మం లోపలికి కోసుకుపోయి, నల్లగా కమిలి, ఒకచోట నెత్తురు చిమ్మింది. అతను మొహం చిట్లించలేదు. నొప్పి అన్నదే లేనట్టు, పిచ్చుక పడ్డ రోజున చూసినట్టే ఆ చేతిని చూశాడు.

కట్టుబాటు ప్రకారం చేతులు మారినప్పుడు పట్టినవాళ్ళు గొంతెత్తి చెప్పాలి. కిందివాడు విన్నానని అనేదాకా తాడు కదపకూడదు.

"నేను పట్టాను!" అని అరిచింది తాళ్ళమ్మ. గొంతు గాలికి ఎగిరిపోయింది. ఇంకోసారి అరిచింది. "నేను పట్టాను!"

కింద రేకు కిర్రుమంది.

"అక్కా?" అన్నాడు పిచ్చుక. వాడి గొంతులో ఉక్రోషం లేదు, చిన్నపిల్లాడి గొంతు. "అది నువ్వేనా? బావ ఏడీ?"

"ఇక్కడే ఉన్నాడు. నేను పట్టాను. నేను దింపుతున్నాను. నాకు జవాబు వినబడాలి!"

"విన్నాను" అన్నాడు వాడు. మోకు వేళ్ళ మధ్య వెంట్రుకవాసి కదిలింది. వాడు తన బరువు వేసి చూసుకుంటున్నాడు. మళ్ళీ పలికాడు, మెల్లగా, ఒక్కో మాటా గాలిలో ఆచితూచి పెడుతున్నట్టు.

"ఇప్పుడు తెలుస్తోందక్కా, పైన మనిషి ఉన్నట్టు. మరి ఇంతసేపూ నన్నెవరు పట్టుకున్నారు?"

మేస్త్రి ఎడమచేత్తో మోకు కొస బిగించి పట్టుకున్నాడు; తాళ్ళమ్మ వేళ్ళు కాస్త సడలించి మొదటి జానెడు వదిలింది.